అయిదు గోల్సు లెక్క

ఈ సంవత్సరము జరిగిన పట్టణపు ఫుట్‌బాల్ లీగులో మన పాఠశాల జట్టు కడపటి యాటలో అయిదు గోల్సు తేడాతో ఓడిపోయిన సంగతి చదువరులందరికిని దెలిసినదే. గెలిచిన యాటలను గూర్చి పత్రికలో విరివిగా వ్రాయుటయు, ఓడినదానికి ఒక్క పంక్తితో సరిపుచ్చుటయు వాడుక. మేమును అట్లే చేయ దలచియుంటిమి. కాని ఆట జరిగిన మూడవనాటి యుదయమున ఒక తరగతి గదిలోని నల్లబల్లమీద ఎవరో జల్లెడ బొమ్మ గీసి, దాని క్రింద మన గోల్‌కీపరు పేరు వ్రాసిరి. ఆ బాలుడు నాటినుండి ఆటస్థలము ముఖము చూడలేదు. వాని తల్లి సాయంకాలము మా యింటికి వచ్చి, "మాస్టారండీ, మావాడి మూలానే అంతా పోయిందంటున్నారు. నిజమేనాండీ?" అని యడిగెను. మేము తడబడి, "ఆటలో గెలుపోటములు సహజమమ్మా" యని యేదో చెప్పి పంపితిమి. ఆమె యడిగినది లెక్క. మేము చెప్పినది ఓదార్పు. ఆ లెక్క ఇప్పుడు వ్రాయుచున్నాము. బాలుని పేరు ఇచ్చట వ్రాయము. అది నల్లబల్లమీద వ్రాయబడినది చాలును.

మొదట లీగనగానేమో చెప్పవలెను, ఏలయనగా తలిదండ్రులలో కొందరు, "ఒక్క యాట పోయినంతమాత్రమున సంవత్సరమంతయు పోయినట్లేనా?" యని యడిగిరి. ఫుట్‌బాల్ పోటీలు ముఖ్యముగా రెండు విధములుగా నడుపబడును. కప్పు పోటీలో ఓడినవారు ఇంటికి పోవుదురు, గెలిచినవారు గెలిచినవారితో నాడుదురు. లీగులో ప్రతి జట్టును మిగిలిన జట్టులన్నిటితోను ఆడవలెను. మన పట్టణమున ఆరు జట్టులు గలవు. ఒక్కొక్కటి అయిదింటితో నాడవలెను గనుక ఆరును అయిదుచే హెచ్చింపగా ముప్పది. కాని ఒకే యాటను ఇరుపక్షముల పేరను లెక్కించితిమి గనుక అందులో సగము, అనగా 15 ఆటలు. గెలుపునకు 3 పాయింట్లు, సమముగా ముగిసినయెడల చెరి యొకటి, ఓటమికి సున్న. పూర్వము గెలుపునకు రెండు పాయింట్లే యుండెడివి. అట్లగుటచే కొన్ని జట్టులు గెలువ యత్నింపక, సమముగా ముగించుకొని యొక పాయింటుతో తృప్తిపడుచున్నవని యెంచి, ఇంగ్లండులో 1981లో మూడుగా మార్చిరి. ప్రపంచ కప్పు పోటీలలో 1994నుండి ఆ పద్ధతి వచ్చినది.

మనము నాలుగాటలలో రెండు గెలిచి, ఒకటి సమముగా ముగించి, ఒకటి యోడి, 7 పాయింట్లతో నుంటిమి. ఎదిరి జట్టునకు 6. కడపటి యాట సమముగా ముగిసినను రెండవ స్థానమును, దానితోగూడ జిల్లా పోటీలకు పోవు నవకాశమును మనవే యగును. కనుకనే యా ఓటమి యంత నొప్పి కలిగించినది. ఎదిరి జట్టువారు రైసుమిల్లులో బస్తాలు మోయు యువకులు. వారును మనవలెనే వేడుకకై యాడువారు, జీతమునకు గాదు. పగలంతయు పనిచేసి వచ్చి తొంబది నిమిషములు పరుగెత్తిరి. మనవారిలో నొకడు, "మిల్లువాండ్రతో ఓడితిమి" అని సిగ్గుపడుచు చెప్పగా వింటిమి. ఆ సిగ్గు మాకు నచ్చలేదు. వారి యాట మన యాటకన్న మేలుగా నుండినది, అంతే.

ఇక మన గోల్‌కీపరు సంగతి. నిత్యము గోలులో నిలుచు విద్యార్థికి ఆటకు పదిరోజుల ముందు కామెర్లు తగిలినవి. ఫుల్‌బ్యాకుగా ఆడు బాలుని దెచ్చి గోలులో నిలిపితిమి. ఫుట్‌బాల్ జట్టులో పదిమంది చేయు పని యొకటి, పదునొకండవవాడు చేయు పని వేరొకటి. మిగిలినవారు చేతితో తాకిన తప్పు. వాడు తన గోలుముందరి పెట్టెలో తాకకున్న తప్పు. మిగిలినవారి పొరపాటు బంతి మరల దొరకినంతలో మరుగుపడును. వాని పొరపాటు అంకెయై పలకమీద నిలుచును.

తన చోటు గాని చోట నిలిచి యాడినవాని కథలలో మిక్కిలి ప్రసిద్ధమైనదొకటి గలదు. స్కాట్లండు దేశమున అబర్డీను అను నగరమునుండి బాన్ ఎకార్డ్ అను వేడుకజట్టు 1885వ సంవత్సరము సెప్టెంబరు 12వ తేదీని సముద్రతీరమందలి ఆర్‌బ్రోత్ పట్టణమునకు వచ్చి, ఆ యూరి జట్టుతో స్కాటిష్ కప్పు మొదటి సుట్టు ఆడినది. ఆ దినమున వాన. బాన్ ఎకార్డ్ గోలులో నిలిచినవాడు ఆండ్రూ లార్నీ. అతడు హాఫ్‌బ్యాకుగా ఆడువాడనియు, అంతకుముందు గోలులో నిలిచి యెరుగడనియు చెప్పుదురు. సగమాట ముగియునప్పటికి 15 గోల్సు. ఆట ముగియునప్పటికి 36. బాన్ ఎకార్డునకు సున్న. ఆర్‌బ్రోత్ పక్షమున జాన్ పెట్రీ అను పదునెనిమిదేండ్ల యువకుడొక్కడే 13 గోల్సు చేసెను. ఆర్‌బ్రోత్ గోల్‌కీపరు ఆటంతయు పనిలేక, చూడవచ్చినవారి గొడుగు నొకటి యెరువు దెచ్చుకొని దాని క్రింద నిలుచుండెనని ఆ యూరివారు నేటికిని చెప్పుకొందురు. రిఫరీ మరికొన్ని గోల్సును ఆఫ్‌సైడని త్రోసివేసెను గాని లేనియెడల నలువదికి పైబడియుండును.

ఇంకొక విడ్డూరము: అదే దినమున, అచ్చటికి సుమారు 17 మైళ్ల దూరముననున్న డండీ పట్టణములో, డండీ హార్ప్ అను జట్టు అబర్డీను రోవర్స్ అను మరియొక అబర్డీను జట్టును 35–0 తేడాతో ఓడించినది. అచ్చట రిఫరీ లెక్కకు 37 వచ్చినదట. గెలిచిన జట్టు కార్యదర్శియే, "మాకు 35 మాత్రమే" యని చెప్పి తగ్గించెనట. ఆ నిజాయితీవలన వారికి రికార్డు తప్పిపోయినది.

ఆ 36 అను అంకెను కొంచెము విడదీసి చూతము. తొంబది నిమిషములలో 36 గోల్సనగా రెండున్నర నిమిషములకొకటి. అప్పటికి గోలు వెనుక వలలు లేవు. వలలు 1891లో వాడుకలోనికి వచ్చినవి. గోలు దాటిన బంతి యెంత దూరమో దొరలిపోవుచుండెను. దానిని తెచ్చుకొను కాలముకూడ ఆ రెండున్నర నిమిషములలోనిదే. ఇంకొక సంగతి పిల్లలు మరవరాదు. గోలు జరిగిన పిమ్మట బంతిని నడిమైదానమునుండి మొదట తన్నునది ఎవరు? గోలు పోగొట్టుకొన్న జట్టే. అనగా ప్రతి గోలు తరువాతను బంతి బాన్ ఎకార్డ్ ఫార్వర్డుల పాదములయొద్దనే యుండెను. వారు దానిని పోగొట్టుకొనిరి, హాఫ్‌బ్యాకులు మరల సంపాదింపలేకపోయిరి, ఫుల్‌బ్యాకులు ఆపలేకపోయిరి, అటుపిమ్మటనే అది లార్నీయొద్దకు వచ్చినది. అతనికి ముందు పదిమంది విడిచిన బంతిని అతడు విడిచెను. అయినను చరిత్రలో ఆ పదిమందికన్న అతని పేరే యెక్కువగా నిలిచినది.

అంకె యొక్కటే చూచి యాటను నిర్ణయింపరాదనుటకు అంతకు మించిన యుదాహరణము మడగాస్కరు ద్వీపములో గలదు. అచ్చట 2002 అక్టోబరు 31న ఒక జట్టు 149–0 తేడాతో ఓడినది. కాని యా గోల్సన్నియు ఓడినవారు తమ గోలులోనికి తామే తన్నుకొన్నవి, అంతకుముందటి యాటలో రిఫరీ యిచ్చిన తీర్పుమీది కోపముచేత. ఎదిరివారు వింతగా చూచుచు నిలిచిరి. దానిని ఆటయనుట మాకిష్టము లేదు.

ఇక మన అయిదు గోల్సు.

మొదటిది పదునెనిమిదవ నిమిషమున జరిగినది. మన ఎడమవైపు ఫార్వర్డు బంతిని ప్రక్కవానికందింపక, ముగ్గురిని తప్పించుకొని పోవలెనని తలచి, మూడవవానియొద్ద పోగొట్టుకొనెను. అదియైనను పెద్ద తప్పు గాదు. తక్కిన నలుగురు ఫార్వర్డులును ఎదిరి గోలువైపు చూచుచు నిలిచిపోయిరి. వెనుకకు పరుగెత్తినవాడొక్కడును లేడు. మిల్లువారు నలుగురు, మన ఫుల్‌బ్యాకులిద్దరు. పండ్రెండు గజముల దూరమునుండి తన్నిన బంతి గుంజ ప్రక్కగా లోపలికి పోయినది. ఆ బంతిని అనుభవముగల గోల్‌కీపరును ఆపియుండడు.

రెండవది సగమాటకు కొంచెము ముందు. దీనిని గూర్చి, "అది ఆఫ్‌సైడు, రిఫరీ మోసము చేసెను" అని నేటికిని అనుచున్నారు. కాదు. ఆఫ్‌సైడు నిబంధన యిది: ఎదిరి సగములోనున్న ఆటగానికి తన పక్షమువాడు బంతి నందించు క్షణమున, అతడు బంతికన్నను, ఎదిరివారిలో చివరినుండి రెండవవానికన్నను గోలురేఖకు దగ్గరగా నుండి ఆటలో పాల్గొన్న యెడల ఆఫ్‌సైడు. సాధారణముగా చివరివాడు గోల్‌కీపరు, రెండవవాడు ఫుల్‌బ్యాకు. 1925కు పూర్వము ఇద్దరికి మారు ముగ్గురుండవలెననిరి. అందుచే ఫుల్‌బ్యాకులు ముందుకు జరిగి యెదిరివారిని ఊరక ఆఫ్‌సైడులో పట్టుచుండగా ఆట చప్పబడినది. నిబంధనను సడలింపగనే ఇంగ్లండు లీగులో గోల్సు ఒక్క సంవత్సరములో 4,700నుండి 6,373కు పెరిగినవి. మన ఫుల్‌బ్యాకులును ఆ పాత యుపాయమునే పన్ని, ముందుకు జరిగి చేతులెత్తి నిలిచిరి. కాని మన కుడి హాఫ్‌బ్యాకు కాలి పిక్క పట్టి కార్నరు జెండా దగ్గర కూలబడి యుండెను. మైదానములో నున్నంతవరకు కూలబడినవాడును లెక్కలోనివాడే. అతనివలన మిల్లువారి ఫార్వర్డు నిబంధనకు లోబడియే యుండెను. రిఫరీ ఈల వేయకముందే చేతులెత్తి ఆగినవారు మనవారు. ఒంటరిగా మిగిలినవాడు గోల్‌కీపరు.

మూడవదానికే జనము నవ్విరి. బంతి గోలునకు ఎదురుగా 20 గజముల దూరమున ఎదిరివాని పాదమునొద్ద నుండగా, మనవాడు గోలురేఖను విడిచి పది గజములు ముందుకు పరుగెత్తెను. ఎదిరివాడు వాని తలమీదుగా బంతిని మెల్లగా ఎత్తి వేసెను. "గోలు విడిచి పోయినాడు వెఱ్ఱివాడు" అని కేకలు. వాడు చేసినది వెఱ్ఱి కాదు, క్షేత్రగణితము. గోలు వెడల్పు 8 గజములు. బంతియున్న చోటినుండి రెండు గుంజలకును రెండు తాళ్లు కట్టినట్లూహింపుడు, ఒక త్రిభుజమేర్పడును. గోల్‌కీపరు రేఖమీద నిలిచినయెడల వాడు కాపాడవలసినది 8 గజములు. అయిదు గజములు ముందుకు వచ్చినయెడల సజాతీయ త్రిభుజముల సూత్రము ప్రకారము 6 గజములు. పది గజములు వచ్చినయెడల 4 గజములే. సగము పని తగ్గినది. దానికి వెల, తలపైన విడిచిన చోటు. 8 అడుగుల యెత్తుననున్న అడ్డుకమ్మి క్రిందికి బంతి దిగుటకు వెనుక పది గజముల తావు మిగిలినది. నూరుమంది ఫార్వర్డులలో ఆ తొందరలో తలమీదుగా అంత నెమ్మదిగా వేయగలవారు కొద్దిమంది. ఆనాడు మనకెదురైనవాడు ఆ కొద్దిమందిలో నొకడు. అది వాని ప్రజ్ఞ. మనవాని లోపము గాదు. ఎవరును నేర్పకయే మనవాడు ముందుకు వచ్చినందుకు మేము లోలోన సంతోషించితిమి.

నాలుగవది పెనాల్టీ. మన ఫుల్‌బ్యాకు పెట్టెలో బంతిని చేతితో నాపెను. పెనాల్టీ చుక్క గోలునకు 12 గజముల, అనగా 36 అడుగుల దూరము. గట్టిగా తన్నిన బంతి సెకండునకు 80 అడుగులు పోయినదనుకొన్న, గోలు చేరుటకు సెకండులో సగముకన్న తక్కువ కాలము. అందులో కన్ను చూచి ఒడలు కదలుటకే అయిదవవంతు సెకండు పోవును. మిగిలిన పావు సెకండులో నడుమ నిలిచినవాడు అటో యిటో 12 అడుగుల మేర చేరవలెను. కనుక గోల్‌కీపరు చూచి దుముకుట గాదు, ఊహించి దుముకుట. మనవాడు కుడికి దుమికెను, బంతి ఎడమకు పోయినది. తన్నువానికిని ఆ చుక్కయొద్ద గుండె దడదడలాడుననుట మరువరాదు: 1948 లండను ఒలింపిక్సులో మన దేశపు జట్టు ఫ్రాన్సుతో ఆడినప్పుడు దొరకిన పెనాల్టీలు రెండును వ్యర్థమయ్యెను, ఆట 2–1 తేడాతో పోయినది.

అయిదవది ముగింపునకు నాలుగు నిమిషముల ముందు. దూరమునుండి మెల్లగా దొరలివచ్చిన బంతి. మనవాడు కాళ్లెడముగా నుంచి, మోకాలు నేల నానింపకయే వంగి అందుకొనబోవగా, బంతి చేతులక్రిందుగా, కాళ్ల నడుమనుండి పోయినది. ఇది వాని లోపమే. జల్లెడ బొమ్మ గీసినవారికి ఈ గోలొక్కటే జ్ఞాపకమున్నట్లున్నది. కాని అప్పటికే ఆట 0–4. ఈ బంతిని వాడు పట్టియుండినను రెండవ స్థానము మనకు రాదు.

ఇంతకు ఆ తల్లికి ఈయవలసిన లెక్క యిది: అయిదింటిలో ఒకటి మీవానిది. రెండు, ఫార్వర్డులును ఫుల్‌బ్యాకులును ఆగిపోయినందువలన వచ్చినవి. ఒకటి చేతితో తాకినవానిది. ఒకటి ఎదిరివాని ప్రజ్ఞ. పలకమీద కానరాని ఆరవ లోపమొకటి గలదు. అది జట్టును కూర్చిన మాది. సంవత్సరమంతయు ఒక్క గోల్‌కీపరునే సాధన చేయించి, రెండవవానిని సిద్ధపరచుకొనలేదు. మోకాలు నేలకానించి బంతిని గుండెకు హత్తుకొనుట అరగంటలో నేర్పదగిన పని. ఆ పదిరోజులలో పరీక్షాపత్రములు దిద్దుకొనుచు కూర్చుంటిమి.

పెద్ద యోటమిని ఎట్లు లెక్కకట్టుకొనవలెనో తెలిసిన ఉపాధ్యాయుడొకడు మన హైదరాబాదులోనే యుండెను. సయ్యద్ అబ్దుల్ రహీమ్ బడిలో పాఠములు చెప్పుచు ఫుట్‌బాల్ నేర్పినవాడు. ఆయన తర్ఫీదులో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950నుండి 1954వరకు వరుసగా అయిదేండ్లు రోవర్స్ కప్పును గెలిచినది. 1952లో హెల్సింకి ఒలింపిక్సునకు మన దేశపు జట్టుతో ఆయన శిక్షకుడుగా పోయెను. మనవారిలో పెక్కురు బూట్లు లేకయే, ఆ చలిదేశపు మైదానమున యుగోస్లావియాతో ఆడి 10–1 తేడాతో ఓడిరి. ఆ పది గోల్సును గోల్‌కీపరు మీద వేసి ఊరకున్నయెడల సంగతి అంతటితో ముగిసియుండును. అట్లు చేయలేదు. బూట్లు తప్పనిసరి చేయబడినవి. బంతిని కాలియొద్ద నట్టిపెట్టుకొను అలవాటును మాన్పుటకై రహీమ్ హైదరాబాదులో పిల్లలకు, బంతిని త్రిప్పుకొనుచు పోరాదను నిబంధనతో పోటీలు పెట్టెను. మన ఎడమవైపు ఫార్వర్డు ఈ వాక్యమును రెండుమార్లు చదువవలెను. నాలుగేండ్లకు, 1956 మెల్‌బోర్ను ఒలింపిక్సులో ఆయన జట్టు ఆస్ట్రేలియాను 4–2 తేడాతో గెలిచి నాలుగవ స్థానము పొందినది. 1962లో జకార్తాలో ఏషియా క్రీడల బంగారు పతకము గెలిచినది.

మన పాఠశాలకు అంత దూరపు ఆశలు లేవు. ప్రస్తుతము జరిగినవి రెండు. ఇరువదియేసి గజముల తాళ్లు రెండు కొని, గుంజలకు కట్టి త్రిభుజము చూపుటకు సిద్ధపరచితిమి. పదవ తరగతి గణిత పాఠముకూడ ఒకనాడు అచ్చటనే జరిగినది. రెండవ గోల్‌కీపరుగా సాధన చేయుటకు పేరు లిమ్మని ప్రకటింపగా ముగ్గురు పేరు లిచ్చిరి. వారిలో నొకడు ఆ జల్లెడ గీసినవాడని తరువాత తెలిసినది. వానిని గోలులో నిలిపి, ఫార్వర్డులచే ఇరువది బంతులు తన్నించితిమి. పదునేడు లోపలికి పోయినవి. వానిని మేమేమియు ననలేదు.

మన బాలుడింకను రాలేదు. తాళ్లు ఆటసామానుల గదిలో తలుపు వెనుక వ్రేలాడుచున్నవి. ఆ గది ప్రతి శనివారము సాయంకాలము నాలుగున్నర గంటలకు తెరవబడును.